అయస్కాంతానికి ఏది అంటుకుంటుంది, ఏది అంటుకోదు, ఎందుకు? తరచుగా అడిగే ప్రశ్నలు

చేతికి అయస్కాంతం దొరికితే ఎవరైనా మొదట చేసే పని, కనబడిన ప్రతి వస్తువుకూ దాన్ని ఆనించి చూడటం. అంటుకున్నవి ఒక పక్క, అంటుకోనివి ఒక పక్క. బడిలో కూడా వస్తువుల్ని ఇలాగే రెండు రకాలుగా విడదీయడం నేర్పుతారు. నన్ను అడిగే ప్రశ్నల్లో చాలావరకు ఈ విభజన దగ్గరే పుడతాయి, ఎందుకంటే అది సగమే నిజం. అయస్కాంత క్షేత్రానికి అసలే స్పందించని పదార్థం అంటూ లేదు. ఎంత స్పందిస్తుంది, దగ్గరికి వస్తుందా దూరం జరుగుతుందా, క్షేత్రం నిలకడగా ఉన్నప్పుడా మారుతున్నప్పుడా అన్నదాంట్లోనే తేడా ఉంది.

అయస్కాంతం ఇనుమునే ఎందుకు లాగుతుంది? చెక్కను, రాగిని ఎందుకు వదిలేస్తుంది?

ప్రతి ఎలక్ట్రానూ ఒక బుల్లి అయస్కాంతం. స్పిన్ అనే సహజ గుణం వల్ల దానికి ఆ శక్తి వస్తుంది. చాలా పదార్థాల్లో ఎలక్ట్రాన్లు జంటలుగా ఉంటాయి. జంటలో ఒకదాని స్పిన్ పైకి ఉంటే రెండోదాని స్పిన్ కిందికి ఉంటుంది, కాబట్టి ఒకదాని ప్రభావాన్ని ఇంకొకటి చెరిపేస్తుంది. చెక్క, ప్లాస్టిక్, నీళ్లు, గాజు అన్నీ ఇలాంటివే. రాగిలో కూడా పరిస్థితి దాదాపు ఇంతే.

విడిగా ఉన్న ఇనుప పరమాణువులో జంట కుదరని ఎలక్ట్రాన్లు నాలుగు ఉంటాయి. అయితే అదొక్కటే చాలదు. జంట కుదరని ఎలక్ట్రాన్లున్న పదార్థాలు బోలెడు ఉన్నాయి, అవన్నీ అయస్కాంతానికి అంటుకోవు. ఇనుములో ఉన్న ప్రత్యేకత ఏమిటంటే, పక్కపక్కనున్న పరమాణువుల స్పిన్లు ఒకే దిక్కుకు తిరిగి నిలబడతాయి. ఒక అయస్కాంతం ఇంకో అయస్కాంతాన్ని లాగే మామూలు బలం వల్ల ఇది జరుగుతుందని చాలామంది అనుకుంటారు. పరమాణువుల స్థాయిలో ఆ బలం మరీ చిన్నది, గదిలో ఉండే మామూలు వేడి చాలు దాన్ని చెదరగొట్టడానికి. అసలు కారణం వేరే ఉంది. ఎలక్ట్రాన్ల మధ్య ఉండే విద్యుత్ వికర్షణ, రెండు ఎలక్ట్రాన్లు ఒకే క్వాంటం స్థితిలో ఉండకూడదన్న నియమం, ఈ రెండూ కలిసి స్పిన్లను ఒక వరసలో నిలబెడతాయి. 1928లో వెర్నర్ హైసెన్‌బర్గ్ ఈ వివరణ ఇచ్చాడు. నాకు ఈ సంగతి తెలిసినప్పుడు కలిగిన ఆశ్చర్యం ఇంకా తగ్గలేదు. తలుపుకు అతుక్కున్న చిన్న అయస్కాంతం బిళ్ల వెనక క్వాంటం భౌతికశాస్త్రం ఉంది. అది లేకుండా అయస్కాంతత్వాన్ని వివరించలేమని 1911లో నీల్స్ బోర్, 1919లో హెండ్రికా వాన్ లీవెన్ లెక్కలు కట్టి చూపించారు కూడా.

అలాగైతే ప్రతి ఇనుప మేకూ దానంతట అదే అయస్కాంతం అయిపోవాలి కదా?

కావాలి, కానీ కాదు. 1907లో పియర్ వైస్ దీనికి సమాధానం చెప్పాడు. ఇనుము లోపల డొమైన్లు అనే చిన్న చిన్న ప్రాంతాలు ఉంటాయి. ఒక్కో డొమైన్‌లో స్పిన్లన్నీ ఒకే దిక్కుకు ఉంటాయి, కానీ ఒక్కో డొమైన్ ఒక్కో దిక్కుకు తిరిగి ఉంటుంది. మొత్తం మీద మేకు బయటికి సున్నా.

అయస్కాంతాన్ని దగ్గరికి తెస్తే, క్షేత్రం దిక్కుకు తిరిగి ఉన్న డొమైన్లు పక్కవాటిని ఆక్రమించుకుంటూ పెరుగుతాయి. మేకు తాత్కాలికంగా అయస్కాంతం అయిపోతుంది. మన అయస్కాంతం ఉత్తర ధ్రువం చూపిస్తే, మేకులో దానికి ఎదురుగా దక్షిణ ధ్రువం ఏర్పడుతుంది. అందుకే అయస్కాంతం ఏ కొసను చూపించినా మేకు దగ్గరికే వస్తుంది, దూరం పోవడం అంటూ ఉండదు. ఈ డొమైన్ల సరిహద్దులు జరిగేటప్పుడు నున్నగా జారవు, చిన్న చిన్న గెంతులతో కదులుతాయి. ఇనుము చుట్టూ తీగ చుట్టి, ఆంప్లిఫయర్‌కు, స్పీకర్‌కు కలిపితే ఆ గెంతులు చిటపటమని వినిపిస్తాయి. 1919లో హైన్రిచ్ బార్క్‌హౌసెన్ మొదటిసారి విన్న చప్పుడు అది.

స్క్రూడ్రైవర్‌ను అయస్కాంతానికి రుద్దితే అది కూడా స్క్రూలను పట్టుకుంటుంది. మెత్తని ఇనుప ముక్క మాత్రం వెంటనే మర్చిపోతుంది. ఎందుకు?

డొమైన్ల సరిహద్దులు ఎంత సులువుగా కదులుతాయన్నదే విషయం. స్వచ్ఛమైన మెత్తటి ఇనుములో వాటికి అడ్డు తక్కువ. క్షేత్రం వస్తే తిరుగుతాయి, పోతే చాలావరకు వెనక్కి వస్తాయి. గట్టి ఉక్కులో కార్బన్, లోపలి లోపాలు ఆ సరిహద్దులకు తట్టుకుంటాయి, కాబట్టి ఒకసారి తిరిగినవి అక్కడే ఆగిపోతాయి. క్షేత్రం పోయాక కూడా పదార్థం పాత స్థితిని గుర్తుపెట్టుకోవడాన్ని హిస్టరిసిస్ అంటారు.

ఏది మంచిదన్నది పనిని బట్టి ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్‌లో క్షేత్రం సెకనుకు 50 లేదా 60 సార్లు అటూ ఇటూ పూర్తిగా తిరిగి వస్తుంది. అక్కడ మొండికేసే పదార్థం పెడితే శక్తి అంతా వేడిగా పోతుంది, అందుకే సిలికాన్ కలిపిన మెత్తటి ఉక్కు వాడతారు. శాశ్వత అయస్కాంతానికి అచ్చంగా ఆ మొండితనమే కావాలి. 1980ల మొదట్లో వచ్చిన నియోడైమియం, ఇనుము, బోరాన్ మిశ్రమం ఈ విషయంలో ఇప్పటికీ ముందుంది.

చెక్క, నీళ్లు, మన శరీరం వీటి మీద క్షేత్రం ప్రభావం సున్నా అనుకోవచ్చా?

అనుకోకూడదు. అవి అయస్కాంతం నుంచి దూరంగా జరుగుతాయి! ఎంత తక్కువగా అంటే కంటికి కనిపించనంత. క్షేత్రం పడగానే పరమాణువుల్లోని ఎలక్ట్రాన్ల కదలిక కొద్దిగా మారి, ఆ క్షేత్రానికి ఎదురుగా ఒక అతి చిన్న క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఈ గుణాన్ని డయా అయస్కాంతత్వం అంటారు. ఇది ప్రతి పదార్థంలోనూ ఉంటుంది. ఇనుములో కూడా ఉంది, కాకపోతే పెద్ద బలం కింద కనబడకుండా పోతుంది. 1845లో మైకేల్ ఫారడే ఒక సీసపు గాజు ముక్కను బలమైన విద్యుదయస్కాంతం ధ్రువాల మధ్య వేలాడదీసి, అది క్షేత్రానికి అడ్డంగా తిరగడం చూశాడు. తర్వాత ఎన్నో పదార్థాలను అలాగే వేలాడదీసి పరీక్షించాడు. లోహాల్లో బిస్మత్‌లో ఈ వికర్షణ బాగా కనిపిస్తుంది.

నీటిలో ఇలా పుట్టే ఎదురు క్షేత్రం, మనం పెట్టిన క్షేత్రంలో లక్షలో సుమారు ఒక వంతు. అయినా సరే క్షేత్రాన్ని తగినంత పెంచితే ఆ కొంచెమే చాలు. 1997లో నెదర్లాండ్స్‌లోని నైమేఖన్‌లో ఆండ్రే గైమ్ బృందం సుమారు 16 టెస్లాల (టెస్లా అంటే అయస్కాంత క్షేత్రం బలాన్ని కొలిచే ప్రమాణం) క్షేత్రంలో బతికున్న కప్పను గాలిలో తేలించింది. అది భూమి క్షేత్రం కంటే దాదాపు మూడు లక్షల రెట్లు ఎక్కువ. కప్ప ఒంట్లో ఎక్కువ భాగం నీళ్లే, ఆ నీటిలోని ప్రతి అణువునూ క్షేత్రం కాస్త కాస్త పైకి తోసింది. కప్పకు ఏ హానీ జరగలేదు. దాన్ని చాలామంది వింతగా చూసి వదిలేశారు కానీ, "ఇది అయస్కాంత పదార్థం, ఇది కాదు" అన్న మన గీత ఎంత తప్పో చూపించడానికి అంతకన్నా మంచి ప్రయోగం నాకు తెలియదు.

పారా అయస్కాంత పదార్థాలు అంటే?

జంట కుదరని ఎలక్ట్రాన్లు ఉండి, ఒకదానితో ఒకటి కలిసి వరసలో నిలబడనివి. అయస్కాంతం వైపు కొద్దిగా వస్తాయి, క్షేత్రం పోతే అంతా మామూలే. అల్యూమినియం, ప్లాటినం ఇలాంటివి. వీటిలో నాకు బాగా నచ్చింది ఆక్సిజన్. దాని అణువులో జంట లేని ఎలక్ట్రాన్లు రెండు ఉంటాయి. మైనస్ 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర ద్రవంగా మారిన లేత నీలి ఆక్సిజన్‌ను బలమైన అయస్కాంతం రెండు ధ్రువాల మధ్య పోస్తే కింద పడిపోకుండా మధ్యలో వంతెనలా వేలాడుతుంది. ద్రవ నైట్రోజన్ పోస్తే మాత్రం నీళ్లలా కారిపోతుంది, ఎందుకంటే నైట్రోజన్ అణువులో ఎలక్ట్రాన్లన్నీ జంటలే.

రాగి అయస్కాంతానికి అంటుకోదు కదా, మరి రాగి గొట్టంలో వేసిన అయస్కాంతం అంత నెమ్మదిగా ఎందుకు దిగుతుంది?

ఇప్పటిదాకా చెప్పింది నిలకడగా ఉన్న క్షేత్రం గురించి. ఇక్కడ క్షేత్రం కదులుతోంది, దాంతో కథ మొత్తం మారిపోతుంది.

పై నుంచి వదిలిన రాయి ఒక మీటరు దూరం సుమారు 0.45 సెకన్లలో పడిపోతుంది. అంతే పొడవున్న దళసరి రాగి గొట్టంలో నియోడైమియం అయస్కాంతాన్ని వదిలితే కిందికి రావడానికి ఎన్నో సెకన్లు పడుతుంది. పైనుంచి గొట్టంలోకి తొంగి చూస్తే, ఎక్కడా గోడకు తగలకుండా తాపీగా దిగుతూ కనిపిస్తుంది. మొదటిసారి చూసినవాళ్లు తప్పకుండా గొట్టం బయట ఇంకో అయస్కాంతంతో వెతుకుతారు, ఏదో దాచిపెట్టారేమోనని.

అక్కడ దాచింది ఏమీ లేదు. అయస్కాంతం దిగుతున్నప్పుడు గొట్టంలోని ఒక్కో భాగం దగ్గర క్షేత్రం మారుతూ ఉంటుంది. మారే క్షేత్రం లోహంలో విద్యుత్తు పుట్టిస్తుందని ఫారడే 1831లో కనిపెట్టాడు. గొట్టం గోడలో ఆ విద్యుత్తు గుండ్రంగా సుడులు తిరుగుతుంది. వీటినే ఎడ్డీ కరెంట్లు అంటారు. ఈ సుడులు తమను పుట్టించిన మార్పును అడ్డుకునే దిశలోనే ప్రవహిస్తాయని 1834లో హైన్రిచ్ లెంజ్ చెప్పాడు. అయస్కాంతానికి కింద ఉన్న సుడులు దాన్ని పైకి తోస్తాయి, పైన ఉన్నవి వెనక్కి లాగుతాయి.

చాలామంది అడిగేది, మరి అది పూర్తిగా ఆగిపోదేం అని. ఆగితే క్షేత్రం మారదు, క్షేత్రం మారకపోతే కరెంటు ఉండదు, కరెంటు లేకపోతే పట్టుకునే బలం ఉండదు. అందుకే బరువు, అడ్డుకునే బలం సమానమయ్యే ఒక వేగం దగ్గర స్థిరపడి దిగుతుంది. గొట్టానికి పొడవునా ఒక చీలిక పెట్టి చూడండి. సుడులు చుట్టూ తిరిగే దారి తెగిపోతుంది, అయస్కాంతం ఇంకా వేగంగా పడిపోతుంది.

చెత్త వేరుచేసే యంత్రాల్లో అల్యూమినియం డబ్బాలు పక్కకు ఎగిరిపడేది, కొన్ని రైళ్లలో రాపిడి లేకుండా బ్రేకులు పడేది ఈ బలంతోనే. అక్కర్లేని చోట ఇదే తలనొప్పి కాబట్టి, ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఉక్కును ఒకే దిమ్మగా కాకుండా, ఒకదానికొకటి కరెంటు తగలని పలచటి రేకులుగా పేరుస్తారు.

కొన్ని స్టెయిన్‌లెస్ స్టీలు పాత్రలు అయస్కాంతానికి అంటుకుంటాయి, కొన్ని అంటుకోవు. అంటుకునేవి నాసిరకమా?

కాదు. ఈ అపోహ ఎంత గట్టిగా పాతుకుపోయిందో చూస్తే బాధేస్తుంది.

304 రకం స్టీలులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. ఇనుము విడిగా అంటుకుంటుంది, నికెల్ విడిగా అంటుకుంటుంది, కానీ ఈ మిశ్రమం అంటుకోదు. కారణం పరమాణువులు పేర్చుకున్న తీరు. మామూలు ఇనుములో ఘనం మూలల్లోనూ, మధ్యలోనూ పరమాణువులు ఉంటాయి. నికెల్ కలవడంతో ఆ అమరిక మారి, ఘనం మూలల్లోనూ, ముఖాల మధ్యలోనూ చేరతాయి. ఆ అమరికలో స్పిన్లు ఒకే దిక్కుకు నిలబడే క్రమం ఏర్పడదు. నికెల్ దాదాపు లేని 430 రకంలో పాత అమరికే ఉంటుంది కాబట్టి అది చక్కగా అంటుకుంటుంది. మంచి కత్తులకు వాడే గట్టి స్టీలు కూడా అంటుకునే రకమే. తుప్పు పట్టకుండా కాపాడేది క్రోమియం. ఆ సంగతి అయస్కాంతం చెప్పలేదు.

ఇంకో విచిత్రం. అంటుకోని 304 రేకును బాగా వంచినా, సాగదీసినా, ఆ ఒత్తిడికి కొంత భాగం పాత అమరికలోకి మారిపోతుంది. అందుకే గిన్నె మధ్యలో అంటుకోకపోయినా, వంపు తిరిగిన అంచు దగ్గర అయస్కాంతం కాస్త పట్టినట్టు అనిపిస్తుంది.

మరి ఇండక్షన్ స్టవ్ మీద అంటుకునే పాత్రే ఎందుకు పెట్టాలి?

స్టవ్ లోపలి తీగచుట్ట సెకనుకు ఇరవై వేలసార్లకు పైగా మారే క్షేత్రాన్ని ఇస్తుంది. పాత్ర అడుగున ఎడ్డీ కరెంట్లు పుట్టి వేడెక్కుతుంది. రాగిలో కూడా కరెంట్లు పుడతాయి, కానీ దానిలో నిరోధం తక్కువ కాబట్టి వేడి సరిపోదు. ఇనుములో ఆ కరెంటు పైపొరలోని అతి పలచటి భాగంలోనే ఇరుక్కుంటుంది, పైగా ఇనుము నిరోధం ఎక్కువ. రెండూ కలిసి వేడిని పెంచుతాయి.

వేడి చేస్తే అయస్కాంతం శక్తి పోతుందా?

పోతుంది. వేడి పెరిగేకొద్దీ పరమాణువుల కదలిక స్పిన్ల వరసను చెదరగొడుతుంది, ఒక హద్దు దాటాక క్రమం పూర్తిగా కూలిపోతుంది. దాన్ని క్యూరీ ఉష్ణోగ్రత అంటారు, 1895లో దీని మీద విస్తృతంగా పరిశోధించిన పియర్ క్యూరీ పేరు మీద. ఇనుముకు అది 770 డిగ్రీల సెల్సియస్, కోబాల్ట్‌కు సుమారు 1,120, నికెల్‌కు సుమారు 355. గడోలినియం అనే లోహానికి సుమారు 20 డిగ్రీలే, కాబట్టి చల్లటి గదిలో అంటుకున్న ముక్క గది వేడెక్కితే ఊడిపోతుంది.

చల్లబడితే ఇనుము మళ్లీ అంటుకుంటుంది. కానీ శాశ్వత అయస్కాంతం పాత శక్తి తిరిగి రాదు, మళ్లీ అయస్కాంతీకరించాల్సిందే. మామూలు నియోడైమియం అయస్కాంతాలు క్యూరీ ఉష్ణోగ్రతకు చాలా ముందే, సుమారు 80 డిగ్రీలు దాటితేనే బలం కోల్పోవడం మొదలుపెడతాయి. భూమి లోపల పెద్ద ఇనుప అయస్కాంతం ఉందన్న మాట ఎందుకు తప్పో కూడా దీన్నిబట్టి తెలుస్తుంది. భూగర్భంలో వేడి ఆ హద్దుకు ఎన్నో రెట్లు పైన ఉంది. అక్కడ క్షేత్రాన్ని పుట్టించేది కరిగిన లోహం కదలికల వల్ల ప్రవహించే విద్యుత్తు.

అయస్కాంత క్షేత్రాన్ని ఆపేసే పదార్థం ఏదైనా ఉందా? సీసం పనికొస్తుందా?

సీసం ఎక్స్-కిరణాలను ఆపుతుంది, అయస్కాంత క్షేత్రాన్ని ఆపదు. నిలకడ క్షేత్రాన్ని అల్యూమినియం రేకు కూడా ఆపదు. మామూలుగా మనం చేయగలిగింది దారి మళ్లించడం. నికెల్ ఎక్కువగా ఉండే మ్యూమెటల్ అనే మిశ్రమం బలరేఖలను గాలి కంటే వేల రెట్లు సులువుగా తనలోంచి పోనిస్తుంది. దానితో చేసిన పెట్టెలో పెట్టిన పరికరాన్ని తప్పించి, రేఖలు పెట్టె గోడల్లోంచి చుట్టూ వెళ్లిపోతాయి.

అతివాహకాలు, అంటే బాగా చల్లబరిస్తే కరెంటును ఏ నిరోధమూ లేకుండా పోనిచ్చే పదార్థాలు, మాత్రం వేరు. 1933లో వాల్టర్ మైస్నర్, రాబర్ట్ ఓక్సెన్‌ఫెల్డ్ చూసిందేమిటంటే, తగినంత చల్లబరిచిన అతివాహకం అప్పటికే తనలో ఉన్న క్షేత్రాన్ని సైతం బయటికి నెట్టేస్తుంది. ద్రవ నైట్రోజన్‌లో ముంచిన నల్లటి బిళ్ల మీద అయస్కాంతం తేలుతూ కనిపించేది ఇందువల్లే. అలాంటి బిళ్లల్లో కొన్ని బలరేఖలు సన్నటి పోగుల్లా లోపల చిక్కుకుని ఉంటాయి, అందుకే తేలే అయస్కాంతం పక్కకు జారిపోకుండా కట్టేసినట్టు నిలబడుతుంది.

రక్తంలో ఇనుము ఉంటుంది కదా, ఎం.ఆర్.ఐ. యంత్రం దాన్ని లాగేయదా?

ఈ టెన్షన్‌తో స్కానింగ్‌కు వెళ్లడానికి జంకేవాళ్లు ఉన్నారు కాబట్టి స్పష్టంగా చెబుతున్నాను, లాగదు. పెద్దవాళ్ల ఒంట్లో ఇనుము మొత్తం మూడు నాలుగు గ్రాములు. అది మేకులోలాగా ముద్దగా ఉండదు, విడివిడి పరమాణువులుగా ప్రోటీన్లలో ఇమిడి ఉంటుంది. వరసలో నిలబడటానికి పక్కన ఇంకో ఇనుప పరమాణువు ఉండాలి, అదే లేదు. 1936లో లైనస్ పాలింగ్, చార్లెస్ కోరియెల్ కొలిచి చూస్తే, ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్ డయా అయస్కాంతంగా, ఆక్సిజన్ వదిలేసినది పారా అయస్కాంతంగా తేలింది. రెండు స్పందనలూ అతి స్వల్పమే. మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపించే స్కాన్ ఈ చిన్న తేడాను ఆధారం చేసుకునే పనిచేస్తుంది.

ప్రమాదం రక్తంతో కాదు, లోపలికి తీసుకెళ్లే వస్తువులతో. ఆస్పత్రుల్లో ఎక్కువగా వాడేవి 1.5, 3 టెస్లాల యంత్రాలు. స్కాన్ జరగనప్పుడు కూడా ఆ క్షేత్రం ఉంటుంది. ఉక్కు ఆక్సిజన్ సిలిండరో, చక్రాల కుర్చీయో గదిలోకి వస్తే తుపాకి గుండులా యంత్రం వైపు ఎగిరిపోతుంది. అలా ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి. ఒంట్లో లోహపు పరికరం ఉన్నా, కంట్లో ఎప్పుడైనా ఇనుప రజను పడినా ముందే చెప్పాలి.

బంగారాన్ని అయస్కాంతంతో పరీక్షించవచ్చా?

సగమే. గట్టిగా అంటుకుంటే అందులో ఇనుమో నికెలో ఉన్నట్టు. అంటుకోకపోతే ఏమీ తేలదు, రాగి, వెండి, సీసం కూడా అంటుకోవు.

ఫోన్, పెన్‌డ్రైవ్, బ్యాంకు కార్డు పాడవుతాయా?

ఫోన్‌లో, పెన్‌డ్రైవ్‌లో సమాచారం విద్యుత్ ఆవేశం రూపంలో ఉంటుంది, అయస్కాంతం దాన్ని చెరపదు. ఫోన్‌లోని దిక్సూచి మాత్రం తప్పు చూపవచ్చు. కార్డు వెనక నల్లటి గీత అయస్కాంత పూత, అది చెరిగిపోవచ్చు, చిప్‌కు ఏమీ కాదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు బలమైన అయస్కాంతాలను, అవి ఉన్న ఫోన్లను ఛాతీకి ఆనించి పెట్టుకోకూడదు.

అంటుకోకపోయినా లోపల ఇనుములోలాగే క్రమం ఉన్న పదార్థాలు ఉన్నాయా?

ఉన్నాయి. కొన్నిట్లో పక్కపక్క స్పిన్లు ఒకటి పైకి, ఒకటి కిందికి ఎదురెదురుగా నిలబడతాయి. లోపల కచ్చితమైన వరస ఉంటుంది, బయటికి మాత్రం సున్నా. మాంగనీస్ ఆక్సైడ్, గది ఉష్ణోగ్రతలో స్వచ్ఛమైన క్రోమియం ఇలాంటివి. వీటి సిద్ధాంతానికి గాను లూయీ నీల్‌కు 1970లో నోబెల్ బహుమతి వచ్చింది. అయస్కాంతపు రాయి, అంటే మాగ్నెటైట్, వీటికి దగ్గరి చుట్టం. అందులోనూ స్పిన్లు ఎదురెదురే, కానీ ఒక పక్క బలం ఎక్కువ కావడంతో కొంత మిగులుతుంది. ఆ మిగిలినదానితోనే మనిషికి అయస్కాంతం మొదట పరిచయమైంది.

డయా అయస్కాంతత్వాన్ని నా కళ్లతో చూడాలంటే?

ఒక స్ట్రా, రెండు ద్రాక్షపండ్లు, దారం, బలమైన నియోడైమియం అయస్కాంతం చాలు. స్ట్రా రెండు కొసలకూ ద్రాక్షలు గుచ్చండి, మధ్యలో సన్నటి దారం కట్టి, అడ్డంగా నిలిచేలా వేలాడదీయండి. ఫ్యాన్ ఆపండి, కిటికీ మూయండి, ఊగడం పూర్తిగా ఆగేదాకా ఓపిక పట్టండి. ఇప్పుడు అయస్కాంతాన్ని ఒక ద్రాక్షకు తగలకుండా, వీలైనంత దగ్గరగా పట్టుకోండి. కొన్ని సెకన్ల తర్వాత ద్రాక్ష మెల్లగా దూరం జరుగుతుంది. అయస్కాంతాన్ని తిప్పి రెండో ధ్రువం చూపించినా అటే జరుగుతుంది. గాలి వల్లేమోనన్న అనుమానం వస్తే అదే సైజు చెక్క ముక్కను అంతే దగ్గరగా పెట్టి చూడండి, ద్రాక్ష కదలదు.

పిల్లలతో చేసేటప్పుడు అయస్కాంతాలు లెక్కపెట్టి ఇవ్వండి, లెక్కపెట్టి తీసుకోండి. రెండు చిన్న నియోడైమియం బిళ్లలు మింగితే అవి పేగు గోడలను మధ్యలో నొక్కి చిల్లు పెట్టగలవు. అనుమానం వచ్చినా సరే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.